భోజనశాలలో చేతిపనులకు చోటెక్కడ? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

అపార్ట్‌మెంట్లలోని సామూహిక భోజనశాలలను, హాస్టల్ మెస్సులను మన ప్రాంతపు చేతిపనులతో తీర్చిదిద్దుకోవడం గురించి ఈ నెల అందిన ఉత్తరాల్లో అయిదింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను. మొదటి రెండూ చాలామందికి ఎదురయ్యే సమస్యలే కనుక వాటికి కొంత విపులంగా రాశాను.

ప్రశ్న: విజయవాడ సింగ్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో 40 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు ఉన్న హాలు ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు అందులోని ప్లైవుడ్ బల్లలూ గోడల పలకలూ ఉబ్బి పాడైపోయాయి. వినాయక చవితికీ, కార్తిక మాసంలోనూ నూట ఇరవై మంది వరకు ఇక్కడే భోంచేస్తారు. కొండపల్లి బొమ్మలు, వెదురు పని, పల్నాటి రాయి వాడి హాలును మళ్ళీ కట్టుకోవాలని సంఘంలో తీర్మానించుకున్నాం. పని ఎక్కడ మొదలుపెట్టాలి?
– అపార్ట్‌మెంట్ సంఘం సభ్యుడు, విజయవాడ

సమాధానం: బొమ్మలు కొనడానికి బయలుదేరే ముందు ఒక పండుగ రోజున మీ హాలులో భోజనాలు ఎలా నడుస్తాయో కాగితం మీద గీయండి. మన దగ్గర నలుగురూ కలిసి తినడానికి ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి బంతి. ఒక వరుసలో కూర్చున్నవారికి ఎదురుగా మరో వరుస ఉంటుంది, రెండింటి నడుమ వడ్డించేవారు నడుస్తారు, మొదటి బంతి లేచాక రెండో బంతి కూర్చుంటుంది. హాలు కొలతలన్నీ ఈ నడక నుంచే పుట్టాలి. మనిషికి రెండడుగుల చోటు, అడుగున్నర వెడల్పు బల్ల, కుర్చీకీ మనిషికీ కలిపి రెండున్నర అడుగులు, ఎదురెదురు బల్లల నడుమ వడ్డనకు మూడున్నర అడుగులు లెక్కవేస్తే ఒక జత వరుసలకు పదకొండున్నర అడుగులు పడుతుంది. మీ నలభై అడుగుల పొడవులో అలాంటివి మూడు జతలు అడ్డంగా పట్టి, ఇంకా అయిదున్నర అడుగులు మిగులుతాయి. ఇరవై నాలుగు అడుగుల వెడల్పులో నాలుగు అడుగులు దారికి వదిలితే వరుసకు పదిమంది, ఆరు వరుసలకు అరవై మంది కూర్చుంటారు. అంటే మీ నూట ఇరవై మందికి సరిగ్గా రెండు బంతులు. లేచి వెళ్ళేవారూ వచ్చి కూర్చునేవారూ ఎదురుపడకుండా రెండు ద్వారాలు ఉండి, చేతులు కడుగుకొనే చోటు బయటికి వెళ్ళే ద్వారం పక్కనే ఉంటే, వడ్డించేవారికి సగం శ్రమ తగ్గుతుంది.

ఇక వరద సంగతి. మీ గోడల మీద నీరు నిలిచిన చార ఇంకా కనిపిస్తూనే ఉండాలి. సున్నం వేసి దాన్ని చెరిపేయక ముందే కొలిచి రాసిపెట్టుకోండి. మీ హాలుకు నేను సూచించే నియమం ఒక్కటే: ఆ చారకు కింద రాయి, ఇటుక, గచ్చు మాత్రమే ఉండాలి, దానికి పైన చెక్క, వెదురు, బట్ట ఉండవచ్చు. కుర్చీలూ బల్లలూ కిందే ఉండక తప్పదు కనుక వాటికి ప్లైవుడ్ వాడవద్దు. పూర్వం బండి చక్రాలకూ నాగళ్ళకూ వాడిన నల్లతుమ్మ వంటి గట్టి కర్రతో, మేకులూ జిగురూ తగ్గించి, కుసి పట్టి, అంటే ఒక కర్ర కొనను మరోదాని తొలిలో బిగించి కట్టే వడ్రంగి చేత బెంచీలు చేయించండి. అటువంటి బెంచీ నీట మునిగినా నీడలో నెమ్మదిగా ఆరబెట్టుకోవచ్చు, ఏదైనా కీలు వదులైతే మళ్ళీ బిగించుకోవచ్చు. ప్లైవుడ్ పొరలు ఒకసారి విడిపోతే వాటిని అతికించేవారు లేరు.

నేలకు పల్నాటి నాపరాయి అనే సున్నపురాయి మంచి ఎంపికే. అమరావతి స్తూపాన్ని తొడిగిన లేతరంగు సున్నపురాయి కూడా పల్నాటిదే. అయితే అద్దంలా నిగనిగలాడే మెరుపు పట్టించవద్దు, పులుసో నూనెచుక్కో పడితే వడ్డించేవారు జారిపడతారు. కొద్దిగా గరుకు మిగిలేలా నూరించి, సందులు బిగువుగా పూరించి, రాయిలోకి తడి దిగకుండా పూత వేయించండి. బజారులో దొరికే మరుగుదొడ్ల యాసిడ్‌తో మాత్రం ఎన్నడూ కడగనీయవద్దు. సున్నపురాయికి తగిలిన ఆమ్లం నురగలు పొంగి, దాని పైపొరను తినేస్తుంది. పనివాళ్ళకు ఈ సంగతి మొదటి రోజే చెప్పాలి, ఎందుకంటే మరకపోయేంత వరకు యాసిడ్ పోయడం వాళ్ళకు అలవాటు.

మీరు అడగని విషయం ఒకటి నేనే ఎత్తుతున్నాను. అది రొద. కాంక్రీటు కప్పు, పలకల నేల, గ్రానైటు బల్ల, అద్దాల కిటికీ అన్నీ గట్టివే కనుక అరవై మంది మాటలూ స్టీలు గరిటెల చప్పుడూ వాటికి తగిలి తిరిగొస్తాయి. ఆ మారుమోత మీద ప్రతి ఒక్కరూ గొంతు పెంచుతారు, పెద్దవాళ్ళకు పక్కవారి మాట వినబడదు. మీ హాలులో వెదురు పనికి అసలైన ఉద్యోగం ఇక్కడే ఉంది. మేదర పనివారు అల్లే తడికలను కప్పు కింద నాలుగంగుళాల ఎడంతో వేలాడదీసి, వాటి వెనుక కొబ్బరి పీచు పలకలు పరిస్తే చప్పుడు చాలావరకు అందులోనే ఇంకిపోతుంది. వెదురుకు పుచ్చు పట్టకుండా బద్దలు అల్లకముందే బొరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలో నానబెట్టించాలి. ఆ ఖర్చుకు వెనుకాడితే రెండేళ్ళలో బల్లల మీద వెదురు పొడి రాలుతుంది. వంట జరిగే పొయ్యిల దగ్గర మాత్రం వెదురూ బట్టా వద్దు.

కొండపల్లి బొమ్మల మీద మీకున్న ఇష్టం నాకు అర్థమైంది. మీకు ఇరవై కిలోమీటర్ల దూరంలోనే ఆ ఊరు ఉంది. అయితే ఆ బొమ్మ తయారయ్యే తీరు తెలిస్తే దాని చోటు కూడా తెలుస్తుంది. తెల్లపొణికి కర్ర తేలికైనది, మెత్తనిది. దాన్ని వేడికి ఆరబెట్టి, ముక్కలు విడివిడిగా చెక్కి, రంపపు పొట్టూ చింతగింజల పిండీ కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, ఆపైన రంగులు వేస్తారు. చింతగింజల ముద్దకు తడి శత్రువు, పొణికికి దెబ్బ శత్రువు. కనుక బల్ల మీదా, స్తంభాల చుట్టూ చేతికి తగిలేచోటా అవి నిలవవు. నీటి చారకు పైన గోడలో గూడు వదిలించి, అందులో దీపం పెట్టించి, ఒకే ఒక్క పెద్ద కూర్పు చేయించండి. దశావతారాలూ అంబారీ ఏనుగూ ఎక్కడైనా దొరుకుతాయి. మీరు కోరితే మీ హాలుకు తగిన బంతి భోజనాన్నే వాళ్ళు చెక్కగలరు: పొయ్యి మీద గంగాళం, గరిటె పట్టిన వంటవాడు, నెయ్యి వడ్డించే ముసలమ్మ, విస్తరి ముందు కూర్చున్న పిల్లలు. పల్లెవృత్తుల బొమ్మలు తరతరాలుగా చెక్కుతున్న చేతులకు ఇది కొత్త పని కాదు. మంచినీళ్ళు ఎక్కడ, చేతులు కడిగేది ఎక్కడ, విస్తళ్ళు వేసేది ఎక్కడ అని చూపే గుర్తులు కూడా అక్షరాలకు బదులు చిన్న బొమ్మలతో చేయిస్తే చదువు రాని పిల్లలకూ తెలుస్తుంది. చిల్లరగా యాభై బొమ్మలు కొని అరల నిండా పేర్చడం కంటే దీనికి అయ్యే ఖర్చు ఎక్కువేమీ కాదు, పైగా కళాకారుడికి పోయిన పని తిరిగి వచ్చినట్టు ఉంటుంది.

ప్రశ్న: గుంటూరులో ఉద్యోగినుల హాస్టల్ నడుపుతున్నాను. మెస్సులో ఎనభై మంది భోంచేస్తారు. బల్లల మీద నాపరాయి పలకలు వేసి, వాటిపై పెడన కలంకారీ బట్టలు పరిస్తే బాగుంటుందని ఒక డిజైనర్ సలహా ఇచ్చారు. మాకు రోజూ పప్పు, పులుసు, పచ్చళ్ళు తప్పవు. ఇది నిలుస్తుందా?
– పాఠకురాలు, గుంటూరు

సమాధానం: రెండూ నిలవవు. నాపరాయి విషయంలో ఈ తప్పు నేను చేసినదే కనుక దాచకుండా చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం గుంటూరులోనే ఒక క్యాంటీన్‌కు, పల్నాటి రాయి మీద మక్కువతో, బల్లలన్నిటికీ నాపరాయి పలకలు వేయించాను. వారం తిరగకముందే పులిహోర పెట్టిన చోట, నిమ్మచెక్క పడిన చోట తెల్లటి మచ్చలు లేచాయి. అవి మరకలు కావు, రాయి పైపొరే కరిగిపోయిన గుర్తులు, కనుక ఎంత తుడిచినా పోలేదు. పలకలన్నీ తీసి ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్ల గ్రానైటు వేయించి ఆ ఖర్చులో నా వంతు భరించాను. గ్రానైటు సున్నపురాయి కాదు కనుక చింతపండుకూ నిమ్మకూ లొంగదు. ఆ తరువాత ఏ వస్తువునూ భోజనబల్లకు ఒప్పుకునే ముందు దాని నమూనా మీద నిమ్మరసం, పసుపు కలిపిన నూనె, ఆవకాయ ఊట ఒక్కొక్క చెంచా వేసి, పొయ్యి మీది నుంచి దించిన గిన్నె ఒకటి పక్కన పెట్టి, ఒక రాత్రి వదిలేసి ఉదయం చూస్తున్నాను. మీ డిజైనర్ గారిని కూడా అలాగే చేసి చూపమని మర్యాదగా అడగండి.

కలంకారీ మాట. బందరు పరిసరాల్లోని పెడనలో టేకు అచ్చులతో అద్దే ఈ బట్టలో నలుపు ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. ఇనుప తుక్కును బెల్లంనీళ్ళలో పులియబెట్టి తీసిన ద్రవం, ముందే కరక్కాయ పట్టించిన బట్టకు తగిలినప్పుడు నలుపు పుడుతుంది. పటిక పట్టిన చోట ఎరుపు నిలుస్తుంది. ఇనుమూ కరక్కాయ కలిసి కట్టిన ఆ నలుపును పులుపు విడదీస్తుంది. నలుపు గీత మీద నిమ్మరసం చుక్క పడితే అక్కడ రంగు వెలిసిపోతుంది. పసుపు మరకను సబ్బుతో రుద్దితే ఆ క్షారానికి అది ఎర్రబారుతుంది. అందుచేత ఆవకాయ తినే ఊళ్ళో కలంకారీ గుడ్డను కంచం కింద పరచడం అంటే ఎంతో శ్రమపడి చేసిన అద్దకాన్ని ఒక పూటలో పాడుచేసుకోవడమే.

అయితే మీ మెస్సులో కలంకారీకి చోటు లేదని నేను అనడం లేదు. చేతికందని ఎత్తులో, ఎండ నేరుగా పడని గోడకు, చెక్క చట్రంలో బిగించి, గోడకు మూడు నాలుగు అంగుళాల ఎడంతో వేలాడదీయండి. ఆ ఎడమే చప్పుడును తగ్గిస్తుంది, గోడకు అతికిస్తే ఆ మేలు సగం పోతుంది. ప్రతి చట్రానికీ వెనుక బద్దెలు ఊడదీసేలా ఉంటే ఆరు నెలలకొకసారి తీసి నీడన దులిపి తిరిగి పెట్టుకోవచ్చు. అచ్చు వేసిన బట్టను కొనేటప్పుడు అచ్చుకూ అచ్చుకూ నడుమ అతుకు ఎక్కడో ఒక వెంట్రుకవాసి తప్పి కనిపిస్తుందేమో చూడండి, అలాగే వెనుక వైపు రంగు దిగిందా అని తిప్పి చూడండి. ఎక్కడా తేడా లేకుండా ముందు వైపు మాత్రమే రంగున్న బట్ట, కలంకారీ పేరుతో వచ్చే స్క్రీన్ అచ్చు కావచ్చు. దానికి కలంకారీ ధర ఇవ్వనక్కరలేదు. ఫ్లెక్సు మీద కలంకారీ బొమ్మలు ముద్రించి గోడల నిండా అంటించే పద్ధతి ఈ మధ్య బాగా పెరిగింది. దాన్ని చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. పెడన అచ్చు చెక్కినవారికి అందులో ఒక్క రూపాయి చేరదు.

మీ ఉత్తరం చివర మీరు రాసిన మాటను పైన అచ్చు వేయలేదు కాని, దానికీ జవాబివ్వాలి. పరీక్షలకు చదువుకునే అమ్మాయిలూ, నెలసరి నొప్పితో ఉన్నవాళ్ళూ కింద కూర్చుని తినడానికి ఇష్టపడుతున్నారని, ఒక మూల అలా ఏర్పాటు చేయవచ్చా అని అడిగారు. తప్పక చేయండి. పన్నెండో శతాబ్దపు పల్నాటి కథలో బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ కూర్చోబెట్టి పెట్టించిన భోజనానికి చాపకూడు అనే పేరు వచ్చింది. మీ జిల్లాకు ఆనుకొని ఉన్న నేల మీద కలిసి తినడానికి చాపే గుర్తయింది. ఎనిమిదంగుళాల ఎత్తున ఒక అరుగు కట్టించి, దాని మీద తుంగచాపలు పరిపించి, అడుగు ఎత్తు పీటలు వేయించండి. అరుగు అంచున కాళ్ళు దించుకుని కూర్చోవచ్చు, అలసినవారు గోడకు ఆనుకోవచ్చు. చాపను అరుగుకు అతికించవద్దు. ఏడాదికో రెండేళ్ళకో పాడైపోయే వస్తువు అది, మళ్ళీ కొనడంలోనే అల్లేవారి జీవనం ఉంది.

ప్రశ్న: ఏటికొప్పాక లక్క గిన్నెలు, గరిటెలు భోజనబల్ల మీద వాడవచ్చా? పాత ఇత్తడి గంగాళాలు కూడా ఇంట్లో ఉన్నాయి.
– పాఠకురాలు, గుంటూరు

సమాధానం: అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ ఆ రాపిడి వేడికే లక్కను కరిగించి ఏటికొప్పాక పనివారు రంగు పట్టిస్తారు. వేడితో ఎక్కిన పూత వేడికే మెత్తబడుతుంది కనుక పొగలు కక్కే పులుసుకు, వేడి గిన్నెల కింద పెట్టడానికి అది పనికిరాదు. పొడి తినుబండారాలకు, ఉప్పు డబ్బాలకు, తలుపు పిడులకు, చిన్నపిల్లలు పట్టుకునే చేతికొయ్యలకు చక్కగా సరిపోతుంది. ఇత్తడి గంగాళంలో పులుపున్నది ఏది పెట్టాలన్నా ముందు కళాయి వేయించాలి, లేకపోతే చిలుము పడుతుంది. మంచినీళ్ళకు మాత్రమే వాడితే రోజూ చింతపండుతో తోమితే చాలు.

ప్రశ్న: మా కల్యాణ మండపం భోజనాల హాలుకు తోలుబొమ్మల దీపాలు పెట్టాలనుకుంటున్నాం. ఇబ్బందులేమైనా ఉన్నాయా?
– పాఠకుడు, విజయవాడ

సమాధానం: రెండు ఉన్నాయి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో చేసే ఆ దీపాలు మేకతోలుతో చేసినవి. శాకాహారం పెట్టే శుభకార్యాలకు హాలు తీసుకునే కుటుంబాల్లో కొందరికి భోజనాల దగ్గర తోలు ఇష్టం ఉండదు. వాళ్ళ మనసు నొప్పించకుండా వాటిని అతిథులు కూర్చునే ముందు గదిలో పెట్టండి. రెండోది, వేడెక్కే బల్బులు వాడితే తోలు ముడుచుకుపోతుంది. ఎల్ఈడీ బల్బు, పైన గాలి పోయే ఖాళీ తప్పనిసరి.

ప్రశ్న: మాది మంగళగిరి. మా నాన్నగారు గుంట మగ్గం మీద నేస్తారు. హోటళ్ళ, అపార్ట్‌మెంట్ల డిజైనర్లు వచ్చి నమూనాలు ఊరికే నేయించుకుని వెళ్తారు, ఆర్డరు రాదు. వచ్చినా చీర బట్టను ముక్కలు చేసి కుట్టుకుని, సగం వృథా అయిందని ధర తగ్గించమంటారు. మేము ఏమి అడగాలి?
– నేత కుటుంబం నుంచి ఒక పాఠకుడు, మంగళగిరి

సమాధానం: మీ ఉత్తరం నా వృత్తిలో ఉన్నవాళ్ళందరూ చదవాలని కోరుకుంటున్నాను. నమూనా నేయడం పనే. పడుగు తోడి మగ్గానికి ఎక్కించడానికే రోజులు పడుతుంది. దానికి ముందుగా డబ్బు తీసుకోండి, ఆర్డరు వస్తే అందులోంచి తగ్గిస్తామని రాసివ్వండి. ఇలా అడిగితే పని పోతుందని భయపడవద్దు, నిజంగా కట్టదలచుకున్నవారు ఇస్తారు.

వృథా అనే మాటకు మూలం వేరే ఉంది. డిజైనర్లు గోడ కొలత తీసుకుని బట్టను దానికి తగ్గట్టు కోస్తారు. చేయవలసింది మీ మగ్గం పన్నాను, అంటే దాని మీద నేసే బట్ట వెడల్పును తీసుకుని గోడను దానికి తగ్గట్టు విభజించడం. మీ పన్నా 48 అంగుళాలనుకుంటే, కిటికీ తెరలూ గోడ చట్రాలూ అన్నీ 48 అంగుళాల వెడల్పుకో, మధ్యకు చీల్చితే 24 అంగుళాలకో వచ్చేలా హాలు గీయవచ్చు. అప్పుడు నిండు పన్నాకు రెండు అంచులూ, చీల్చినదానికి ఒక అంచూ ఊడకుండా నిలుస్తాయి, కుట్టుపని తగ్గుతుంది, ముక్కలు మిగలవు. భోజనశాలలకు నేసేటప్పుడు నిజాం అంచులోని జరీ వద్దు. వారానికొకసారి వాషింగ్ మెషీన్‌లో పడే బట్టకు జరీ నిలవదు. అదే గోపురాల అంచును రంగు నూలుతో నేయండి, దూరం నుంచి చూసినవారికి కూడా అది మంగళగిరిదని తెలుస్తుంది. పడమటి కిటికీలకు పలచని నేత, కుర్చీల దిండ్లకు రెండు పోగుల పేక (అడ్డపోగు) వేసిన మందపాటి నేత, చేతులు తుడుచుకునే తువాళ్ళకు ముదురు రంగులు అని మూడు రకాలు ముందే నేసి, ఒక్కొక్కటి మూరెడు ముక్క అట్టకు కుట్టి, దాని మీద పన్నా, గజం ధర, రోజుకు ఎన్ని గజాలు నేయగలరో రాసి ఉంచుకోండి. డిజైనర్ వచ్చినప్పుడు ఆ అట్టే చూపండి.

ఒప్పందంలో మూడు మాటలు రాయించుకోండి. సగం సొమ్ము నూలు కొనేముందే ఇవ్వాలి. కొనేవారు కావలసినదానికి పదో వంతు అదనంగా అదే రంగు వాయిలో, అంటే ఒకేసారి రంగు అద్దిన నూలుతో, నేయించుకుని తమ దగ్గరే దాచుకోవాలి, ఎందుకంటే ఏడాది తరువాత ఒక్క తెర చిరిగితే ఆ రంగు మళ్ళీ అచ్చంగా రాదు, ఆ నింద మీ మీద పడుతుంది. హాలులో ఎక్కడో ఒకచోట బట్ట నేసినవారి పేరూ ఊరూ రాయాలి. వానాకాలంలో గుంటలో నీరూరి మగ్గం ఆగే రోజులు ఉంటాయి కనుక గడువును ఆ నెలలు కలుపుకుని చెప్పండి, తక్కువ చెప్పి తరువాత మాట పడవద్దు.